రాయడం ఒక పని, పంపడం మరో పని

మన చుట్టూ కథలు రాసేవాళ్లు మనం అనుకునేదానికంటే ఎక్కువే ఉన్నారు. బ్యాంకులో క్యాషియర్లు, ప్రైవేటు బళ్లలో తెలుగు చెప్పే టీచర్లు, పిల్లలు స్కూలుకి వెళ్లాక దొరికే కాస్త తీరికలో రాసుకునే ఇల్లాళ్లు, రాత్రి డ్యూటీ మధ్యలో ఫోన్లో టైపు చేసుకునే కుర్రాళ్లు. వీళ్ల నోటు పుస్తకాల్లో, ఫోన్లలో పూర్తయిన కథలు ఉంటాయి. అడిగితే "ఏదో రాసుకుంటుంటానండీ" అంటారు. "ఏ పత్రికకైనా పంపారా?" అంటే మాట మారుస్తారు.

ఈ అధ్యాయం వాళ్ల కోసం. కథ ఎలా రాయాలన్నది ఇక్కడి విషయం కాదు. రాసిన కథను పత్రికకు ఎలా పంపాలి, ఒకసారి పంపి ఊరుకోకుండా ఏడాది పొడవునా ఎలా పంపుతూ ఉండాలి అన్నదే మాట్లాడుకుందాం.

ముందుగా ఒక సంగతి మనసులో పెట్టుకోండి. రాయడం ఒక పని, పంపడం మరో పని. రెండూ చేసేది ఒకే మనిషి కాబట్టి ఒకటే పనిలా కనిపిస్తాయి. రాసేటప్పుడు అనుమానం మంచిదే. ఈ మాట ఇక్కడ ఇమిడిందా, ఈ పాత్ర ఇలా అంటుందా అని పదే పదే ప్రశ్నించుకోవాలి. పంపేటప్పుడు ఆ అనుమానానికి చోటు లేదు. చిరునామా సరిగా ఉందా, పదాల హద్దు దాటామా, హామీ పత్రం జతచేశామా అని చూసుకుంటే చాలు. చాలామంది రాసేటప్పటి మనసుతోనే పంపడానికి కూర్చుంటారు. మెయిల్ అంతా సిద్ధం చేసుకుని, ఆఖరి క్షణంలో మళ్లీ కథ తెరిచి మొదటి పేరా దిద్దడం మొదలుపెడతారు. ఆ రోజు కథ కదలదు. మర్నాడు కూడా కదలదు.

అందుకే పంపే పనికి వేరే రోజు, వేరే పుస్తకం, వేరే నియమాలు పెట్టుకోవాలి. ధైర్యం చిక్కాక పంపుదామని కూర్చుంటే ఏళ్లు గడిచిపోతాయి. పంపుతూ ఉంటే ధైర్యం వెనకాలే వస్తుంది.

చేయి పట్టుకుని ఆపే మూడు భయాలు

మొదటిది, "ఇంకా బాగా రావాలి" అన్న భయం. ఇది పైకి శ్రద్ధలా కనిపిస్తుంది కాబట్టి గుర్తుపట్టడం కష్టం. కథను రెండు మూడుసార్లు తిరగరాయడం శ్రద్ధే. ఏడాదిగా అదే కథలో అవే నాలుగు వాక్యాలను అటూ ఇటూ జరుపుతూ ఉంటే అది భయం. నారుమడిలో నారు ఎంత పచ్చగా ఉన్నా అదనులో నాటకపోతే ముదిరిపోతుంది. కథకూ అలాంటి అదను ఉంటుంది. పైగా, పంపినంత మాత్రాన తిరగరాసే దారి మూసుకుపోదు. గురజాడ నాటకం ‘కన్యాశుల్కం’ను 1892లో విజయనగరంలో ప్రదర్శించారు, అది 1897లో అచ్చయింది. గురజాడ అక్కడితో ఆగలేదు. దాదాపు కొత్త నాటకం అనిపించేంతగా తిరగరాసి 1909లో రెండో కూర్పు తెచ్చారు. ఈ రోజు మనం చదువుతున్నది, ఆడుతున్నది ఆ రెండో కూర్పునే. మొదటి కూర్పు లోకంలోకి వచ్చినందువల్ల రెండోదానికి నష్టమేమీ జరగలేదు. మీ కథా అంతే. ఈ రోజుకి మీ శక్తిమేరకు బాగుంటే పంపండి. రేపు ఇంకా బాగా రాయగలిగితే అది రేపటి కథ.

రెండోది, "నా భాష పుస్తకాల భాష కాదు" అన్న భయం. పల్లెల నుంచి, చిన్న పట్నాల నుంచి రాసేవాళ్లలో ఇది ఎక్కువ. నామిని చిత్తూరు జిల్లా ఇంటి మాటల్లో రాసిన ‘పచ్చనాకు సాక్షిగా’, ‘మిట్టూరోడి కథలు’ ఎంతమందికి ఆప్తమయ్యాయో తెలుగు పాఠకులకు కొత్తగా చెప్పక్కర్లేదు. పి.యశోదారెడ్డి ‘మా ఊరి ముచ్చట్లు’, ‘ఎచ్చమ్మ కతలు’ నిండా పాలమూరు పల్లె మాటే. అనంతపురం రచయిత బండి నారాయణస్వామి ‘శప్తభూమి’ నవలను తానా నవలల పోటీకి పంపారు. 2017లో దానికి బహుమతి వచ్చింది. 2019లో అదే నవలకు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. మీ అవ్వ మాట్లాడిన మాట మీ కథలో ఉంటే అది మీకు లోటు కాదు, బలం. చూసుకోవాల్సింది ఒక్కటే: ఆ మాట కథంతా ఒకే తీరుగా నడవాలి. ఒక పేరాలో ‘వచ్చినాడు’, తర్వాతి పేరాలో ‘వచ్చిండు’, ఆ పైన ‘వచ్చెను’ అని ఉంటే పాఠకుడు ఏ ఊళ్లో ఉన్నాడో అతనికే తెలియదు.

మూడోది, "ఊళ్లో ఏమనుకుంటారో" అన్న భయం. ఇది బయటికి చెప్పుకోరు గానీ చాలామందిని నిజంగా ఆపేది ఇదే. మేనత్త తనను తాను కథలో చూసుకుంటుందేమో, ఆఫీసులో పైవాళ్లు చదువుతారేమో, అత్తగారింట్లో గొడవవుతుందేమో. ముఖ్యంగా ఆడవాళ్లకు ఈ భయం ఊహ కాదు, అనుభవం. దీనికి రెండు మార్గాలున్నాయి. ఒకటి, ముడిసరుకు మార్చడం. పాత్ర వృత్తి, ఊరు, బంధుత్వం, వయసు మార్చండి. ఇద్దరు మనుషుల్ని కలిపి ఒక పాత్ర చేయండి. కథకు కావలసిన నిజం పోకుండానే మనుషులు గుర్తుపట్టలేనంతగా మారిపోతారు. రెండోది కలం పేరు. శివరాజు వెంకట సుబ్బారావు బుచ్చిబాబుగా, భాగవతుల సదాశివ శంకర శాస్త్రి ఆరుద్రగా నిలిచారు. బీనాదేవి అన్న పేరు వెనక భార్యాభర్తలిద్దరు ఉన్నారు. కలం పేరు పెట్టుకున్నా సంపాదకుడికి మాత్రం అసలు పేరు, చిరునామా ఇవ్వాలి. ఏ పేరుతో అచ్చు వేయాలో స్పష్టంగా రాయాలి.

ఎక్కడికి పంపాలి?

ఒక్క పత్రిక మీదే ఆశ పెట్టుకున్న రచయిత ఆ పత్రిక నుంచి జవాబు రాకపోతే రాయడమే మానేస్తాడు. అందుకే ముందు మీ కథలు వెళ్లగల చోట్ల జాబితా తయారు చేసుకోవాలి. స్థూలంగా నాలుగు వర్గాలున్నాయి.

మొదటిది, దినపత్రికల ఆదివారం అనుబంధాలు. ఈనాడు ఆదివారం, ఆంధ్రజ్యోతి ఆదివారం, సాక్షి ఫన్‌డే, నమస్తే తెలంగాణ బతుకమ్మ, ప్రజాశక్తి స్నేహ లాంటివి. కథకు ఎక్కువమంది పాఠకులు దొరికేది ఇక్కడే. పేజీలు తక్కువ కాబట్టి ఇవి చిన్న కథలే కోరతాయి.

రెండోది, వార, మాస పత్రికలు. స్వాతి లాంటి పత్రికలు ఇంటిల్లిపాదీ చదువుకునే కథల్ని వేస్తే, పాలపిట్ట, సాహిత్య ప్రస్థానం, అరుణతార లాంటివి సాహిత్యం మీదే నడుస్తాయి. వీటిలో ఒక్కోదానికి ఒక్కో చూపు ఉంది. ఒక పత్రికకు నప్పిన కథ మరోదానికి నప్పకపోవచ్చు.

మూడోది, అంతర్జాల పత్రికలు. ఈమాట 1998 నుంచీ నడుస్తోంది. సారంగ, కొలిమి, నెచ్చెలి, కౌముది, సంచిక లాంటివి తర్వాత వచ్చాయి. కాగితం ఖర్చు లేదు కాబట్టి ఇక్కడ కొంత పెద్ద కథలకూ వీలుంటుంది. హైదరాబాద్‌లోనూ డల్లాస్‌లోనూ ఒకే రోజు చదువుతారు.

నాలుగోది, పోటీలు. సంక్రాంతికి, ఉగాదికి, దీపావళికి పత్రికలు, సంస్థలు కథల పోటీలు ప్రకటిస్తాయి. వంగూరి ఫౌండేషన్ ఉగాది పోటీలు, తానా నవలల పోటీలు తెలుగు రచయితలకు బాగా తెలిసినవే. పోటీకి గడువు తేదీ ఉంటుంది. వాయిదా వేసే అలవాటున్న రచయితకు ఆ తేదీయే పెద్ద సాయం. కాకినాడ కాలేజీలో కెమిస్ట్రీ పాఠాలు చెప్పిన పాలగుమ్మి పద్మరాజు రాసిన ‘గాలివాన’ 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి పొందింది. అంత గొప్ప కథైనా సరే, ఎవరో ఒకరు దాన్ని పోటీకి పంపితేనే ఆ బహుమతి వచ్చింది.

మరో సంగతి చాలామంది కొత్త రచయితలకు తెలియదు. కథాసాహితి 1990 నుంచీ వెలువరిస్తున్న వార్షిక కథా సంకలనాల్లాంటివి ఆ ఏడాది అచ్చయిన కథల్లోంచి ఏరుకుంటాయి. పత్రికలో కనిపించని కథ ఎంత గొప్పదైనా ఆ ఎంపికకు అందదు. ఒక చిన్న పత్రికలో అచ్చు కావడం ఇంకెన్నో తలుపుల దాకా తీసుకెళ్తుందనడానికి ఇదే నిదర్శనం.

జాబితా ఒకసారి రాసుకుంటే సరిపోదు. 1924లో మొదలై తెలుగు సాహిత్యానికి పెద్ద దిక్కుగా నిలిచిన భారతి 1991లో ఆగిపోయింది. 1978లో మొదలైన విపుల, చతుర నలభై ఏళ్లకు పైగా నడిచి ఆగిపోయాయి. కొత్తవి పుడుతూనే ఉన్నాయి. అందుకే మూడు నెలలకోసారి జాబితా సరిచూసుకోండి. చిరునామా, ఈమెయిల్, పదాల హద్దు తాజా సంచికలోంచే తీసుకోండి. ఎవరో ఫార్వర్డ్ చేసిన పాత వాట్సాప్ మెసేజీని నమ్మకండి.

పంపే ముందు ఆ పత్రికను చదవండి. మీ ఊరి శాఖా గ్రంథాలయానికి వెళ్లి నాలుగు వారాల అనుబంధాలు ముందేసుకోండి. ప్రతి కథకూ ఐదు సంగతులు రాసుకోండి: ఎన్ని పదాలు, ఎక్కడి మనుషులు, ఎవరి గొంతుతో నడిచింది, సంభాషణ ఎంత, ముగింపు ఎలాంటిది. నాలుగు కథలయ్యేసరికి ఆ పత్రిక ఏం కోరుతుందో మీకే తెలుస్తుంది. శ్రీకాకుళంలోని కథానిలయం తెలుగు కథల వివరాలను అంతర్జాలంలో కూడా అందుబాటులో ఉంచింది. మీకు నచ్చిన రచయితల మొదటి కథలు ఏ పత్రికల్లో వచ్చాయో అక్కడ వెతికి చూడండి. పేరున్న రచయితలు కూడా చిన్న పత్రికల్లోనే మొదలయ్యారని మీకు మీరే తెలుసుకుంటారు.

కథతో పాటు ఏం పంపాలి?

ఒకప్పుడు అరఠావు కాగితం మీద ఒకవైపే, ఎడమవైపు మార్జిన్ వదిలి రాసి, తిరుగు టపాకు సరిపడా స్టాంపులు అంటించిన కవరు జతచేసి పంపేవారు. ఇప్పుడు చాలా పత్రికలు మెయిల్లో తీసుకుంటున్నాయి. పద్ధతి మారినా మర్యాద మారలేదు: చదివేవాళ్ల పని తేలిక చేయాలి.

కథను యూనికోడ్‌లో టైపు చేయండి. వర్డ్ ఫైలు, దాంతో పాటు పీడీఎఫ్ కూడా పంపండి. అను ఫాంట్ నుంచి యూనికోడ్‌కి మార్చినప్పుడు ఒత్తులు, పొల్లులు చెదిరిపోతాయి. మార్చాక మొత్తం ఒకసారి చదివి తీరాలి. పేజీలకు నంబర్లు వేయండి. ఫైలుకి కథ పేరు, మీ పేరు పెట్టండి. ‘కొత్త కథ ఫైనల్ 3’ అన్న పేరుతో వచ్చిన ఫైలు రేపు వెతికితే దొరకదు. పోటీకి పంపేటప్పుడు మాత్రం కథ పేజీల మీద ఎక్కడా పేరు ఉండకూడదు. పేరు, చిరునామా వేరే కాగితం మీదే ఉండాలి. ఈ ఒక్క నియమం పాటించక పరిశీలన దాకా వెళ్లని కథలు ప్రతి పోటీలోనూ ఉంటాయి.

మెయిల్లో రాయాల్సింది కొంచెమే. నమూనా ఇది:

"సంపాదకులకు నమస్కారం. ‘చెరువు గట్టు’ అన్న నా కథను మీ ఆదివారం అనుబంధంలో ప్రచురణకు పరిశీలించవలసిందిగా కోరుతూ పంపుతున్నాను. నిడివి సుమారు 1,200 పదాలు. ఈ కథ నా సొంత రచన. దేనికీ అనువాదం గానీ, అనుసరణ గానీ కాదు. ఇంతవరకు ఏ పత్రికలోనూ, వెబ్‌సైట్‌లోనూ, సామాజిక మాధ్యమాల్లోనూ ప్రచురితం కాలేదు. ప్రస్తుతం మరే పత్రిక పరిశీలనలోనూ లేదు. నా పూర్తి పేరు, చిరునామా, ఫోన్ నంబరు కింద ఇచ్చాను."

ఇంతే. రెండో సగంలో ఉన్న నాలుగు వాక్యాలనే హామీ పత్రం అంటారు. ప్రతి మాటా నిజమై ఉండాలి. ఫేస్‌బుక్‌లో పెట్టిన కథను, వాట్సాప్ గ్రూపులో పంచిన కథను చాలా పత్రికలు ప్రచురితమైనట్టే లెక్కిస్తాయి. స్నేహితుల మెచ్చుకోలు కోసం తొందరపడి పెట్టేస్తే ఆ కథకు పత్రిక దారి మూసుకుపోవచ్చు. ముందు పత్రిక, తర్వాత ఫేస్‌బుక్.

రాయకూడనివి కూడా చెప్పుకోవాలి. "ఇది నా మొదటి కథ, తప్పులుంటే మన్నించండి" అని రాయకండి. "మా ఇంట్లో అందరికీ నచ్చింది" అని రాయకండి. కథ సారాంశం, దాని వెనక ఉద్దేశం వివరించకండి. వినయం మంచిదే, కానీ మీ కథను మీరే తగ్గించి పరిచయం చేస్తే అది వినయం అనిపించుకోదు. కథ తన మాట తాను చెప్పుకుంటుంది. చెప్పుకోలేకపోతే మీ ఉత్తరం దాన్ని కాపాడలేదు.

పంపే రోజు, పంపే పుస్తకం

ఇప్పుడు నిలకడ సంగతి. నిలకడ స్వభావంతో వచ్చేది కాదు, ఏర్పాటుతో వచ్చేది. ఆ ఏర్పాటుకు రెండు రోజులు, ఒక నోటు పుస్తకం, నాలుగు నియమాలు చాలు.

నెలలో రెండు రోజులు ఎంచుకోండి. మొదటి ఆదివారం, మూడో ఆదివారం అనుకుందాం. ఆ రోజు పొద్దున ఒక గంట పంపే గంట. ఆ గంటలో రాయరు, దిద్దరు. జాబితా చూస్తారు, ఫైలు సరిచూస్తారు, మెయిల్ రాస్తారు, పంపుతారు, పుస్తకంలో రాస్తారు. ఇంట్లోవాళ్లకు కూడా చెప్పండి. "ఆదివారం ఎనిమిది నుంచి తొమ్మిది దాకా నాకు పని ఉంది" అన్న మాట ఇంట్లో నాలుగుసార్లు వినబడితే అది నిజంగానే పని అవుతుంది.

నోటు పుస్తకంలో ఆరు గళ్లు గీయండి: కథ పేరు, పదాలు, పంపిన చోటు, పంపిన తేదీ, జవాబు, తర్వాత పంపాల్సిన చోటు. ఈ ఆరో గడి చాలా ముఖ్యం. మొదటి చోటికి పంపే రోజే రెండో చోటు, వీలైతే మూడో చోటు కూడా రాసిపెట్టుకోండి. తిరిగొచ్చిన రోజున మనసు చిన్నబోయి ఉంటుంది. ఏ నిర్ణయమూ తీసుకోలేం. ముందే తీసుకున్న నిర్ణయం ఆ రోజు మనల్ని నడిపిస్తుంది.

నియమాలు ఇవి. ఒకటి, పంపే రోజున కథను దిద్దకూడదు. తప్పు కనిపిస్తే రాసిపెట్టుకుని, రాసే రోజున దిద్ది, వచ్చే పంపే రోజున పంపాలి. రెండు, తిరిగొచ్చిన కథ ఆ వెంటనే వచ్చే పంపే రోజున మరో చోటికి వెళ్లాలి. మూడు, ఎప్పుడూ రెండు మూడు వేర్వేరు కథలు వేర్వేరు చోట్ల పరిశీలనలో ఉండాలి. ఒకే కథ బయట ఉంటే ప్రాణమంతా దాని మీదే ఉంటుంది. నాలుగు, నెలాఖరున లెక్క చూసుకునేటప్పుడు ఎన్ని అచ్చయ్యాయి అని కాకుండా ఎన్ని పంపాను అని చూసుకోవాలి. అచ్చు వేయడం మన చేతిలో లేదు. పంపడం పూర్తిగా మన చేతిలో ఉంది. మన చేతిలో ఉన్నదాన్ని లెక్కపెట్టుకుంటేనే ఆత్మవిశ్వాసం పెరుగుతుంది.

నిలకడ అంటే కుప్పలు తెప్పలుగా రాయడం కాదని కూడా గుర్తుంచుకోండి. కాళీపట్నం రామారావు మాస్టారు విశాఖపట్నంలో హైస్కూలు పాఠాలు చెప్పుకుంటూ కథలు రాశారు. రాశిలో చూస్తే అవి ఎక్కువేమీ కావు. కొన్నేళ్లు ఆగి మళ్లీ రాశారు. 1964లో యువ పత్రికలో వచ్చిన ‘యజ్ఞం’ మీద జరిగినంత చర్చ తెలుగులో చాలా తక్కువ కథల మీద జరిగింది. 1997లో శ్రీకాకుళంలో కథానిలయం స్థాపించి జీవితాంతం కథతోనే ఉన్నారు. ఏడాదికి మూడు కథలే రాసినా, ఆ మూడింటినీ వదలకుండా పంపుతూ ఉంటే అది నిలకడే.

ఎదురుచూపుల కాలం

పంపిన మర్నాటి నుంచే మెయిల్ తెరిచి చూడటం మొదలవుతుంది. వారం, రెండు వారాలు, నెల. జవాబు ఉండదు. మన పత్రికల్లో ఎక్కువగా ఎదురయ్యేది తిరస్కారం కంటే మౌనమే. డెస్కులో ఒకరో ఇద్దరో కూర్చుని, మిగతా పేజీల పనితో పాటు వచ్చిన కథలన్నీ చదవాలి. మౌనానికి అర్థం చాలాసార్లు "ఇంకా చదవలేదు" అన్నదే.

పత్రిక గడువు చెప్పి ఉంటే ఆ గడువు దాకా ఆగండి. చెప్పకపోతే మూడు నెలలు ఆగండి. ఆ తర్వాత రెండు వాక్యాల మెయిల్ చాలు: "ఫలానా తేదీన పంపిన ఫలానా కథ మీ పరిశీలనలో ఉందా తెలియజేయగలరు. ఉపయోగపడదనుకుంటే మరో పత్రికకు పంపుకుంటాను." ఇంకో రెండు మూడు వారాలు చూసి, అప్పటికీ జవాబు లేకపోతే కథను ఉపసంహరించుకుంటున్నట్టు రాసి, ఆరో గడిలో ఉన్న చోటికి పంపండి. అలా రాయకుండా రెండు చోట్లకు పంపితే, ఖర్మకాలి రెండు చోట్లా ఒకే వారం అచ్చయితే, రెండు పత్రికల దగ్గరా మాట పోతుంది. సంపాదకులకు ఫోన్లు చేయడం, తెలిసినవాళ్ల చేత చెప్పించడం అసలే వద్దు. అలా అచ్చయిన కథ మీకు ధైర్యం ఇవ్వదు. అది కథ బలమా, సిఫారసు బలమా అన్న అనుమానం మిగులుతుంది.

కథ పంపిన వారంలోనే తర్వాతి కథ మొదలుపెట్టండి. ఎదురుచూపును తట్టుకోవడానికి ఇంతకు మించిన ఉపాయం లేదు.

తిరిగి వచ్చినప్పుడు

ఒక లెక్క వేసుకుందాం. ఆదివారం అనుబంధం వారానికి ఒక కథ వేస్తే ఏడాదికి 52 కథలు. వాటిలో పండగ ప్రత్యేక సంచికలకు పేరున్నవాళ్లను అడిగి రాయించుకునేవి కొన్ని, పోటీలో గెలిచినవి కొన్ని. మిగిలిన ఆ కాసిని ఆదివారాల కోసం రెండు రాష్ట్రాల నుంచీ, బయటి నుంచీ కథలు వస్తాయి. మంచి కథ కూడా తిరిగి వస్తుంది. రాక తప్పదు. చోటు తక్కువ కావడం మీ ప్రతిభ మీద తీర్పు కాదు.

పైగా సంపాదకుడికి కనిపించే కారణాలు మనకు కనిపించవు. పోయిన నెలలోనే వృద్ధాశ్రమం మీద కథ వేసి ఉండొచ్చు. మీ కథ పేజీ హద్దు దాటి ఉండొచ్చు. సంక్రాంతి కథ పండగ వారంలో చేరి ఉండొచ్చు. పండగ సంచికలు నెల ముందే సిద్ధమవుతాయి కాబట్టి అలాంటి కథల్ని రెండు నెలల ముందే పంపాలి. ఇవేవీ కథలోని లోపాలు కావు.

అలాగని తిరిగొచ్చిన ప్రతిసారీ తప్పు వాళ్లదే అనుకోవడమూ సరికాదు. ఒక చోటి నుంచి తిరిగొస్తే ఉన్నదున్నట్టు రెండో చోటికి పంపండి. రెండో చోటి నుంచీ వస్తే మూడో చోటికి పంపండి. మూడు చోట్ల నుంచీ వస్తే అప్పుడు ఆగి, మొహమాటం లేని ఒక పాఠకుడికి ఇవ్వండి. "బాగుందా?" అని అడగకండి, "బాగుంది" అంటారు. మూడు ప్రశ్నలు అడగండి: చదువుతూ ఎక్కడ ఆగిపోయావు? ఎవరు ఎవరో ఎక్కడ అర్థం కాలేదు? చదివి పక్కన పెట్టాక ఏం గుర్తుంది? ఆ జవాబులు పట్టుకుని తిరగరాయండి. సంపాదకుడెవరైనా తిప్పి పంపుతూ ఒక్క వాక్యమైనా సలహా రాస్తే దాన్ని జాగ్రత్తగా దాచుకోండి. తీరిక లేని మనిషి మీ కథ కోసం కాసేపు ఆగాడని దాని అర్థం. దిద్దిన కథను ఆయనకే మళ్లీ పంపవచ్చా అని అడగండి.

చదివే తోడు ముందే ఏర్పరచుకోవడం మంచిది. రాసేవాళ్లు ఇద్దరు ముగ్గురు కలిసి నెలకోసారి కూర్చుంటే చాలు. ఒకరు చదివితే మిగతావాళ్లు వినాలి. వేర్వేరు ఊళ్లలో ఉంటే ఫోన్లోనే కలవొచ్చు. అక్కడ కథల గురించే కాక, ఎవరు ఏం పంపారో కూడా చెప్పుకోవాలి. "ఈ నెల నేను పంపలేదు" అని నలుగురి ముందు చెప్పాల్సి వస్తుందన్న తలంపే చాలాసార్లు పని చేయిస్తుంది.

అచ్చయినప్పుడు

ఆ రోజు సంతోషించండి, ఇంట్లో అందరికీ చూపించండి. ఆ తర్వాత కొన్ని పనులున్నాయి. పత్రిక ప్రతులు రెండు కొని ఒకటి భద్రపరచండి. పేజీని స్కాన్ చేసి, సంచిక తేదీ రాసి దాచండి. రేపు కథల పుస్తకం వేసేటప్పుడు ఏ కథ ఎప్పుడు ఎక్కడ వచ్చిందో రాయాల్సి ఉంటుంది. సంపాదకుడికి ఒక వాక్యం కృతజ్ఞత రాయండి. శీర్షిక మార్చినా, కొన్ని వాక్యాలు తగ్గించినా మీ మూలప్రతితో పోల్చి చదవండి. ఏం తీసేశారో చూస్తే తర్వాతి కథకు పాఠం దొరుకుతుంది. పారితోషికం ఇచ్చే పత్రికలున్నాయి, ఇవ్వలేనివీ ఉన్నాయి. ఏది ఎలాంటిదో పంపే ముందే తెలుసుకోండి. ఇచ్చే పత్రికైతే బ్యాంకు వివరాలు అడిగిన వెంటనే పంపండి, ఆలస్యమైతే మర్యాదగా గుర్తుచేయండి. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

ఒక హెచ్చరిక. మీ పేరు అచ్చులో కనిపించాక "సంకలనంలో మీ కథ వేస్తాం, ఇంత కట్టండి, ఇన్ని కాపీలు కొనండి, బిరుదు ఇస్తాం" అంటూ ఫోన్లు రావచ్చు. సహకార పద్ధతిలో నిజాయితీగా వచ్చే సంకలనాలూ ఉన్నాయి. వాటిలో కూడా ఎంపిక చేసేదెవరో, పుస్తకం ఎవరికి చేరుతుందో అడిగి తెలుసుకోండి. ఎంపిక అన్నదే లేకుండా డబ్బు కట్టిన ప్రతి కథా వేసే చోట అచ్చు కావడం వల్ల మీ కథ గురించి మీకు కొత్తగా తెలిసేదేమీ ఉండదు.

మొదటి పన్నెండు వారాలు

ఇంతవరకు చెప్పుకున్నదాన్ని ఆచరణలో పెట్టడానికి ఒక ప్రణాళిక ఇస్తున్నాను.

1, 2 వారాలు: మీ దగ్గరున్న కథలన్నీ ఒకచోట చేర్చండి. పూర్తయినవి, కాస్త దిద్దితే పూర్తయ్యేవి, ఇంకా పని ఉన్నవి అని మూడుగా విడదీయండి. మొదటి గుంపులోంచి మూడు కథలు ఎంచుకోండి.

3, 4 వారాలు: గ్రంథాలయంలోనో అంతర్జాలంలోనో ఐదు పత్రికలు చదవండి. ఒక్కోదానికి ఒక్కో పేజీ కేటాయించి వివరాలు రాయండి. పంపే పుస్తకంలో గళ్లు గీయండి. పంపే రోజులు నిర్ణయించండి.

5వ వారం: మొదటి కథ పంపండి. రెండో చోటు, మూడో చోటు రాసిపెట్టండి.

7వ వారం: రెండో కథను మరో పత్రికకు పంపండి.

9వ వారం: మూడో కథను అంతర్జాల పత్రికకు గానీ, పోటీ నడుస్తుంటే పోటీకి గానీ పంపండి.

11వ వారం: ఈలోగా తిరిగొచ్చింది ఏదైనా ఉంటే తర్వాతి చోటికి పంపండి. ఏదీ రాకపోతే కొత్త కథ పంపండి.

12వ వారం: లెక్క చూసుకోండి. పంపినవెన్ని, ఎక్కడ వాయిదా వేశారు, ఏ భయం అడ్డుపడింది అన్నవి రాసుకోండి. వచ్చే పన్నెండు వారాల తేదీలు వేసుకోండి.

ఈ పన్నెండు వారాల్లో మీ కథ ఒక్కటైనా అచ్చవుతుందని నేను మాట ఇవ్వలేను, ఇవ్వకూడదు. కానీ ఈ ప్రణాళిక పూర్తి చేస్తే మీ మూడు కథలు మొదటిసారి ముక్కూమొహం తెలియని పాఠకుల బల్లల మీదకి చేరతాయి. నాలుగోది పంపేటప్పుడు మొదటిసారి ఉన్నంత వణుకు ఉండదు. ఆత్మవిశ్వాసం మొదలయ్యేది అక్కడే. తెలుగులో ఇంకా ఎవరూ రాయని ఊళ్లు, వృత్తులు, ఇళ్లు ఎన్నో ఉన్నాయి. వాటిలో ఒకదాని కథ మీ దగ్గర ఉంది. అది మీ ఫోన్లో ఉండిపోతే ఆ ఊరు, ఆ మనుషులు పాఠకులకు ఎప్పటికీ తెలియరు. ఈ నెల క్యాలెండర్లో ఇప్పుడే రెండు తేదీలకు సున్నాలు చుట్టండి.